మీకు తెలుసా? పోగులు చుట్టిన సముద్రజీవులు

షోలాపూర్‌లో మన పద్మశాలీల మగ్గాలాడే ఇళ్ల కింది నల్లరాయి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. అంతకంటే ఎంతో ముందు, సుమారు 44 కోట్ల ఏళ్ల క్రితం మొదలైన సైలూరియన్ యుగపు సముద్రాల్లో గ్రాప్టొలైట్లనే చిన్న జీవులు గుంపులుగా బతికేవి. వాటి పనితనం నేతగాళ్లకు ఇట్టే అర్థమవుతుంది: పోగులను పట్టీల్లా పొర మీద పొర చుట్టి గూళ్లు కట్టుకునేవి!

నల్లని షేల్ రాళ్ల మీద గ్రాప్టొలైట్లు పెన్సిల్ గీతల్లా కనిపిస్తాయి. పేరుకు అర్థం కూడా ‘రాతి మీద రాత’ అనే. కాలంతో పాటు వాటి జాతులు త్వరగా మారాయి కాబట్టి, ఆ గీతలను చూసి రాతిపొర వయసు చెప్పగలరు. వాటి దగ్గరి బంధువు రాబ్డోప్లూరా నేటికీ సముద్రగర్భంలో బతికే ఉంది.