మాట పడినవారి గుమ్మానికి

యాసంగి నాట్ల వేళ నిజాంసాగర్ కాలువ నీళ్ళు తూము దగ్గరికి వచ్చేసరికి వంతు ఎవరిదన్న పేచీ వస్తుంది. చందూర్, వర్ని, రుద్రూర్ వైపు సేద్యము చేసే మన కుటుంబాలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. నీళ్ళ మాట నీళ్ళతో పోతే బాగుండును. కాని గట్టు మీద కోపములో మరొక మాట దొర్లుతుంది. పిల్లలు లేని ఇంటిని ఒక మాట, భర్త పోయిన ఆడమనిషిని ఒక మాట, అప్పులలో ఉన్నవానిని ఒక మాట. నాలుగు రోజులలో ఎవరి మడికి వారికి నీళ్ళు పారతాయి. ఆ రెండు ఇండ్లవారు మాత్రము ఒకే చర్చిలో ఒకరు కిటికీ వైపు, ఒకరు గోడ వైపు కూర్చుంటారు.

మాట అన్నవారు దేవుని ఎదుట ఒప్పుకోలేదని మేము అనము. చాలామంది ఆ రాత్రే ప్రార్థనలో ఒప్పుకొని కన్నీరు విడుస్తారు. దానితో సంగతి తీరిపోయిందనుకుంటారు. ప్రియులారా, తీరిందా? ఈ ప్రశ్నకు యోబు గ్రంథము చివరి అధ్యాయములో జవాబున్నది. మనము ఆ గ్రంథమును యోబు ఓర్పు కొరకే చదువుతాము గనుక ఆయన స్నేహితులకు జరిగిన సంగతి గమనించము.

ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట మంచి పనే చేశారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరు మెదపక యోబు దగ్గర నేల మీద కూర్చున్నారు (2:13). నోరు తెరచిన తరువాతనే వారు పాడుచేశారు. పదిమంది బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రితో, వారు తమ పాపమునుబట్టే చచ్చియుంటారన్నట్లు బిల్దదు మాట్లాడాడు (8:4). విధవరాండ్రను వట్టి చేతులతో పంపివేశావని ఎలీఫజు లేని నేరము మోపాడు (22:9). వారు దేవుని పక్షమున మాట్లాడుతున్నామనే అనుకొన్నారు. భక్తి మాటలతో కొట్టిన దెబ్బ కనుక అది మరింత లోతుగా దిగింది. మాటలతో నన్ను నలుగగొడుతున్నారని యోబు మొరపెట్టుకొన్నాడు (19:2).

ఈ జిల్లావారికి ఇది దూరపు కథ కాదు. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి ఆరంభించిన కాలములో, ఆ రోగులకు ఒంటి పుండ్లతోపాటు పాపఫలమన్న నిందకూడ ఉండేది. 1980ల నుండి వచ్చిన బహుళ ఔషధ చికిత్సతో ఆ రోగము పూర్తిగా నయమవుతున్నది. ఆ రోగము పేరు పెట్టి తిట్టే తిట్టు ఇంకా నయము కాలేదు. బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినప్పుడు పని పోయినవారి సంగతి ఆలోచించండి. అటువంటి ఇంటికి వెళ్ళి, మీ ఇంట్లో ప్రార్థన తక్కువైనందుకే ఇట్లయిందని ఒక విశ్వాసి అంటే, అతడు బిల్దదుకు తమ్ముడే గదా!

ఇప్పుడు దేవుడు వారితో చెప్పినది చూడండి. వారి మీద ఆయనకు కోపము వచ్చింది. క్షమించుటకు సిద్ధముగానే ఉన్నాడు. అయితే అక్కడికక్కడే క్షమించి పంపలేదు. ఏడు ఎడ్లను, ఏడు పొట్టేళ్ళను తీసికొని యోబు నొద్దకు పొమ్మన్నాడు. మీ కొరకు అతడు ప్రార్థించాలన్నాడు (42:8). ఎవరిని పాపి అన్నారో అతని ప్రార్థనే వారికి కావలసి వచ్చింది. పద్నాలుగు పశువులను తోలుకొని పోతుంటే దారిలో ఎవరికీ తెలియకుండా ఉంటుందా?

ప్రభువైన యేసు కొండమీద చెప్పినదీ ఇదే దారి. బలిపీఠము దగ్గర సహోదరుడు గుర్తుకొస్తే అర్పణము అక్కడే విడిచి వెళ్ళమన్నాడు (మత్తయి 5:23-24). విన్నవారు గలిలయవారు, బలిపీఠము యెరూషలేములో ఉన్నది. మధ్య దూరము నూరు కిలోమీటర్లకు పైమాటే, సుమారు మూడు రోజుల నడక. మన వైపు నుండి మెదక్ చర్చికి నడిచి వెళ్ళి, ఆరాధన మధ్యలో లేచి మళ్ళీ ఊరికి నడిచి వచ్చినట్లు! దక్షిణ ఇండియా సంఘము 1950లో సిద్ధపరచుకొన్న ప్రభు భోజన క్రమములో, కానుకలకు ముందు సమాధానమును చేతినుండి చేతికి అందిస్తాము. ఆ చేయి గోడ వైపు కూర్చున్న ఆ ఒక్కరిని దాటి పోతున్నదేమో.

సరే, వెళ్తాము. ఏమనాలి? "ఏదో కోపములో అన్నాను, మనసులో పెట్టుకోకు" అనేది మన అలవాటు. ఇందులో తప్పు కోపానిది, పని అవతలివారిది. అన్నవారికి ఏమీ మిగలలేదు. "వదినా, నీ బిడ్డ గురించి నేనన్న మాట అబద్ధము. అనకూడని మాట అన్నాను. క్షమించు" అంటే చాలు. అంతకు ముందు ఆమె ఏమన్నదో అప్పుడు ఎత్తవద్దు. పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనుకకు తీసికోవాలి. దావీదును బాటవెంట అందరూ వినగా శపించిన షిమీ, తరువాత వెయ్యిమంది బెన్యామీనీయుల ఎదుట యొర్దాను దగ్గర సాగిలపడ్డాడు (2 సమూయేలు 19:16-20). అతనిని తెచ్చినది పశ్చాత్తాపమో, రాజు తిరిగి వచ్చాడన్న భయమో మనకు అనుమానమే. దావీదు చంపనని ప్రమాణము చేశాడు గాని, మరణపడక మీదకూడ ఆ శాపమును మరువలేదు (1 రాజులు 2:8).

కనుక వెళ్ళినవారు క్షమాపణను బాకీ వసూలు చేసినట్లు అడగకూడదు. ఆమె తలుపు వేసికోవచ్చును, ఏడాది పట్టవచ్చును. రోజూ భార్యను తిట్టి, రోజూ క్షమించమని, క్షమించకపోతే వాక్యము చూపించే భర్తకు ఈ వ్యాసములో ఆధారమేమీ లేదు. అతడు మొదట నోరు మానుకోవాలి. కోడలిని అన్న అత్తగారు కోడలి దగ్గరికి, బిడ్డను అన్న తండ్రి బిడ్డ దగ్గరికి వెళ్ళుటలో చిన్నతనమేమీ లేదు. దూరదేశము పోయినవారికైతే ఫోనులో రాసి పంపక, పిలిచి గొంతుతో చెప్పండి.

సంస్కారపు ఆదివారానికి ముందు శనివారము సాయంత్రము దీనికి మంచి వేళ. పొలము నుండి వచ్చి, కాళ్ళు కడుగుకొని, ఆ ఇంటి పెద్దవారు పడుకోకముందే వెళ్ళండి.