పాత డైరీలు: దాచుకోవలసిన అమానత్

డిసెంబరు నెల వచ్చిందంటే ఇళ్ళకు కొత్త డైరీలు వస్తాయి. బ్యాంకు వాళ్ళది ఒకటి, ఇన్సూరెన్సు ఏజెంటు ఇచ్చింది ఒకటి, మందుల షాపు వాళ్ళ చిన్న ప్లానరు ఒకటి. అదే నెలలో అల్మారా సర్దుతూ పాత డైరీలను పాత పేపర్ల బండికి వేసేస్తాం. కిలోకు ఇన్ని రూపాయలని తూచి ఇచ్చిన డబ్బుతో పిల్లలు బిస్కెట్లు కొనుక్కుంటారు. అక్కడితో ఆ సంవత్సరం మన ఇంట్లోంచి వెళ్ళిపోతుంది.

మేము కూడా అలా తూకానికి వేసినవాళ్ళమే. ఆ పొరపాటు మాకు ఏం నేర్పిందో చెప్పి, పాత డైరీలు, ప్లానర్లు ఎందుకు దాచుకోవాలో, ఎలా దాచుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాము.

చెల్లు పడని పద్దు

మా నాన్నగారు గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో దర్జీ. దారం, బొత్తాలు సరఫరా చేసే షావుకారు ప్రతి జనవరిలో ఆయనకు ఒక డైరీ ఇచ్చేవారు. అందులో నాన్నగారు రోజూ రెండు మూడు వరుసలు రాసేవారు. అక్షరాలు తెలుగు, మధ్యమధ్య మాటలు ఉర్దూ. ఎవరి షేర్వానీ కొలతలు, రంజాన్ నెలలో ఎన్ని జతలు కుట్టాలి, కిరాయి ఎంత కట్టారు, ఏ బిడ్డకు జ్వరం వచ్చింది, ఇవే అందులోని సంగతులు. ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుంటే పేరు, మొత్తం, తేదీ రాసేవారు. తీర్చిన రోజున ఆ పేజీకి తిరిగి వెళ్ళి వరుస మీద గీత కొట్టి, పక్కన ‘చెల్లు’ అని రాసి, తీర్చిన తేదీ వేసేవారు.

2011లో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ట్రంకు పెట్టె తెరిచి ఒక్కొక్క డైరీ చూస్తుంటే 1989 డైరీలో ఒక పద్దు కనబడింది. మా ఆపా పెళ్ళికి ఎదురింటి గాజుల వ్యాపారి దగ్గర రెండు వేల రూపాయలు తీసుకున్నట్టు అందులో ఉంది. ఆ వరుస మీద గీత లేదు. పక్కన చెల్లు లేదు.

“నాన్నగారు అప్పు ఉంచుకునే మనిషి కాదు, ఎప్పుడో తీర్చే ఉంటారు” అన్నారు మా అన్నయ్య. మాకూ అలాగే అనిపించింది. తర్వాతి సంవత్సరాల డైరీల్లో చూస్తే తేలిపోతుందనుకున్నాము. కానీ 1990 నుంచి 1995 వరకు ఆరు డైరీలు పెట్టెలో లేవు. ఒకసారి పండుగకు ఇంటికి సున్నాలు వేయిస్తూ, పై అరలో ఉన్న ఆ ఆరింటినీ మేమే బండివాడికి వేశాము. అప్పుడు నాన్నగారు ఏమీ అనలేదు. అట్టలు తుడిచి ఆయనే అందించారు.

తీర్చి ఉంటే ఆ సంగతి ఆ ఆరు పుస్తకాల్లోనే ఎక్కడో ఉండి ఉండాలి. తీర్చకపోయి ఉంటే ఆ బాకీ ఇంకా ఆయన మీదే ఉంది. ఆస్తి పంచుకునే ముందు మరణించినవారి అప్పులు తీర్చాలన్నది మన ధర్మం. ఎదురింటివారు అప్పటికే ఊరు వదిలి వెళ్ళిపోయారు. వెతికి వెతికి వారి కూతురి చిరునామా పట్టుకున్నాము. ఆమె ఒక చిన్న అద్దె ఇంట్లో ఉంటోంది. సంగతి చెప్పి కవరు చేతిలో పెడితే, “నాకేమీ తెలీదు భాయ్, అబ్బా ఎప్పుడూ చెప్పలేదు” అంది. డబ్బు తీసుకుంది. ఆ తర్వాత డైరీ చూపించమంది. తన తండ్రి పేరు ఉన్న వరుస మీద వేలు పెట్టి చదువుకుంది. ఆ పేజీ జిరాక్సు తీసి ఇవ్వమని అడిగింది. తన తండ్రి ఒకరి పెళ్ళికి సాయపడ్డాడన్న మాట ఆమె దగ్గర రాతలో ఉన్నది అదొక్కటే.

ఉన్న డైరీ మాకు బాకీ చూపించింది. లేని డైరీలు మాకు జవాబు దక్కనివ్వలేదు. అందుకే ఒకటి రెండు దాచి మిగతావి పారేయడం దాచినట్టు కాదని మేము నేర్చుకున్నాము.

రాసుకోమన్న ఆదేశం

ఇది మా ఇంటి చాదస్తం కాదు. దివ్య ఖురాన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయతు సూరా బఖరాలోని 282వది. అది అప్పు పత్రం గురించినది. గడువు పెట్టుకుని ఇచ్చిపుచ్చుకునే బాకీని రాసుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు పడకూడదని అది బోధిస్తుంది. మనిషి మంచివాడు కాకపోవడం వల్ల కాదు ఈ జాగ్రత్త. మంచివాడు కూడా మరచిపోతాడు కాబట్టి. రాసే విధి ఉన్నప్పుడు, రాసినదాన్ని కాపాడే విధి కూడా దాని వెంటే వస్తుంది కదా.

అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. డైరీ దస్తావేజుకు బదులు కాదు. క్రమం తప్పక రాసిన లెక్కల పద్దులను కోర్టులు పరిశీలిస్తాయి గానీ, అవి ఒక్కటే చూపించి ఒకరి మీద బాకీ మోపడం కుదరదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ, దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఇదే నియమం ఉంది. కాబట్టి పెద్ద వ్యవహారాలకు పత్రం రాసుకుని, సాక్షుల సంతకాలు తీసుకోవాలి. డైరీ అసలు పని మన మనస్సాక్షికి లెక్క చెప్పడం.

చరిత్రకు మిగిలినవి ఇవే

బాబర్ చక్రవర్తి తన జీవితాన్ని చగతాయీ తుర్కీ భాషలో రాసుకున్నాడు. చివరి భాగాలు చాలావరకు రోజువారీ డైరీలాగే ఉంటాయి. 1529లో తూర్పు దండయాత్రలో ఒక రాత్రి గాలివానకు డేరా కూలి, రాసిన కాగితాలన్నీ తడిసిపోతే, వాటిని ఏరి నిప్పు దగ్గర ఆరబెట్టుకున్న సంగతి ఆయనే రాశాడు. యుద్ధంలో ఉన్న పాదుషాకు కూడా ఆ కాగితాలు అంత ముఖ్యమయ్యాయి. అయినా 1508 నుంచి 1519 వరకు దాదాపు పదకొండేళ్ళ భాగం మనకు దొరకలేదు. ఆ కాలం గురించి చరిత్రకారులు ఇతరుల రాతల మీద ఆధారపడవలసి వస్తోంది. పాదుషా ఇంట పదకొండేళ్ళు, మా దర్జీ ఇంట ఆరేళ్ళు. పోయిన పేజీలు ఎవరివైనా ఒకటే.

పాదుషాలే కాదు, ఉద్యోగులూ రాశారు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళై 1736 నుంచి 1761 వరకు తమిళంలో దినచర్య రాశారు. ఓడల రాకపోకలు, సరుకుల బేరాలు, దర్బారు కబుర్లు అందులో ఉన్నాయి. ఇప్పుడు కర్ణాటక యుద్ధాల గురించి ఎవరు రాసినా ఆ దినచర్య చూడవలసిందే. మన తెలుగులో ఏనుగుల వీరాస్వామి ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఆయన 1830 మేలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో చూసినవి ఎప్పటికప్పుడు రాసి మిత్రునికి పంపారు. ఆ మిత్రుడు వాటిని దాచి 1838లో అచ్చు వేయించారు. ఆ దాచిన చేయి లేకపోతే, ఆనాటి కడప, హైదరాబాదు దారులు, మజిలీలు ఎలా ఉండేవో ఒక తెలుగువాడి కళ్ళతో మనం చూసేవాళ్ళం కాదు.

బడి ప్లానరు చెప్పిన నిజం

ఉపాధ్యాయులకు ప్లానరు రాయడం ఉద్యోగంలో భాగం. ఏ వారం ఏ పాఠం, ఎప్పుడు పరీక్ష అని రాస్తాం. మేము దాని అంచుల్లో బడికి రాని పిల్లల పేర్లు కూడా రాసే అలవాటు చేసుకున్నాము. సంవత్సరం చివర హాజరు పట్టీ ఆఫీసుకు వెళ్ళిపోతుంది, ప్లానరు మాత్రం మన దగ్గరే ఉంటుంది.

మా బడి మిరప పండే ప్రాంతంలో ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు కొందరు మధ్యలో బడి మానేసేవారు. ఎందుకు మానేస్తున్నారంటే, జూన్‌లో పుస్తకాలకు, బట్టలకు డబ్బు లేక అని అందరం అనుకునేవాళ్ళం. సాయం చేసే పెద్దలు కూడా జూన్‌లోనే ఇచ్చేవారు. ఒక వేసవి సెలవుల్లో అయిదేళ్ళ ప్లానర్లు వరుసగా పెట్టుకుని ఆ పేర్లు వెతికాము. మానేసిన పిల్లల్లో ఎక్కువమంది పేర్లు జూన్‌లో ఆగలేదు. సంక్రాంతి సెలవులు అయ్యాక మొదటి వారంలో ఒకరోజు, తర్వాత వారంలో మూడు రోజులు, ఫిబ్రవరిలో పూర్తిగా మాయమయ్యాయి. అది మిరప కోతల కాలం. తల్లీతండ్రీ కూలికి వెళితే చిన్నపిల్లల్ని చూసుకోవడానికి ఇంటి దగ్గర ఉండేది, లేదా వాళ్ళతో పాటు కోతకు వెళ్ళేది ఈ అమ్మాయిలే. జూన్‌లో మళ్ళీ బడికి రావడానికి అప్పటికే మొహమాటం అడ్డొచ్చేది.

ఆ ప్లానర్లు చూపించాక, సాయం చేసే పెద్దలు కొందరు జూన్‌లో ఇచ్చే మొత్తంలో సగాన్ని జనవరికి మార్చారు. అందరు పిల్లలూ నిలిచిపోయారని చెప్పము. కానీ నిలిచినవారు ఉన్నారు. సాయం ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అన్నది కూడా ముఖ్యమని మాకు ఆ అంచుల్లోని పేర్లే చెప్పాయి. ఒక్క ఏడాది ప్లానరు చూస్తే అది తెలిసేది కాదు. అయిదు పక్కపక్కన ఉంటేనే తెలిసింది.

జకాత్ తేదీ

దాతలకు పాత డైరీ చేసే మేలు మరొకటి ఉంది. నిసాబుకు చేరిన సంపద మీద చాంద్రమాన సంవత్సరం నిండితే నూటికి రెండున్నర చొప్పున జకాత్ విధి. హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులే. కొందరు వ్యాపారులు ఆదాయపు పన్ను లెక్కలతో కలిపి మార్చి 31న జకాత్ లెక్క చూసుకుంటారు. ఏటా సుమారు 11 రోజులు వెనకబడుతూ పోతే, 33 ఇంగ్లీషు సంవత్సరాలు గడిచేసరికి 34 హిజ్రీ సంవత్సరాలు అయిపోతాయి. అంటే తెలియకుండానే ఒక ఏడాది జకాత్ తప్పిపోతుంది. మొదట ఏ హిజ్రీ తేదీన లెక్క మొదలుపెట్టామో, ఏటా ఎంత తేలిందో, ఎంత ఇచ్చామో డైరీలో ఉంటే ఈ తేడా పట్టుకోవచ్చు. సరిచేసుకునే పద్ధతి ఉలమాను అడిగి తెలుసుకోవచ్చు.

ఎలా దాచాలి?

పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. అట్ట వీపు మీద సంవత్సరం, వీలైతే హిజ్రీ సంవత్సరం కూడా రాయండి. గుండుసూదులు, క్లిప్పులు తీసేయండి. అవి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుపోతాయి, బదులుగా నూలు దారం కట్టండి. ప్లాస్టిక్ సంచిలో మూట కడితే లోపల చెమ్మ చేరుతుంది. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, నేలకు, గోడకు తగలకుండా ఇనుప పెట్టెలో పెట్టండి. ఏడాదికి ఒకసారి పొడి రోజున తీసి, నీడలో గాలి తగలనిచ్చి, చెదలు ఉన్నాయేమో చూడండి. అప్పులు, జకాత్, పుట్టిన తేదీలు, భూమి సంగతులు ఉన్న పేజీలను ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.

జాగ్రత్త ఒకటి. మన సాయం పొందినవారి పేర్లు మన డైరీల్లో ఉంటాయి. అవి వారి పరువు. ఆ పేజీలు ఎవరికీ చూపించకూడదు. మన తర్వాత ఆ పెట్టె ఎవరు తెరవాలో, ఏ పేజీలు తీసేయాలో నమ్మకమైన ఒకరికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఇక రాయకుండా మిగిలిపోయిన డైరీలను తూకానికి వేయకండి. పిల్లలకు రఫ్ నోటుబుక్కులుగా ఇవ్వండి. వాటిని డైరీలుగా కూడా వాడుకోవచ్చు. 2015 నాటి ఖాళీ డైరీ దొరికితే 2026లో రాసుకోండి, తేదీలు, వారాలు సరిగ్గా సరిపోతాయి. పండుగలు మాత్రం దిద్దుకోవాలి.

ఆ ఆరు డైరీలు అమ్మిన డబ్బు ఎంత వచ్చిందో మాకు ఇప్పుడు గుర్తులేదు. మిగిలినవి మాత్రం నూలు గుడ్డలో చుట్టి, అదే ట్రంకు పెట్టెలో ఉన్నాయి. 1989 డైరీలో ఆ వరుస మీద మేమే గీత కొట్టి, పక్కన ‘చెల్లు’ అని రాసి, తేదీ వేశాము. ఈ ఏడాది ఇల్లు సర్దేటప్పుడు పాత డైరీ చేతికి వస్తే, బండివాడిని పిలిచే ముందు ఒకసారి కూర్చుని పేజీలు తిప్పండి. ఎవరి హక్కు అయినా అందులో మిగిలి ఉందేమో చూడండి. మన బాకీలన్నీ మన చేతులతోనే తీర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.