శ్రీలంక యాత్ర: ఊళ్లు కాదు, రాత్రులు లెక్కించండి

సంక్రాంతి వెళ్లినది మొదలు ఎండలు ముదిరే వరకు నా వైద్యశాలకు కొందరు ఒక కాగితము పట్టుకొని వస్తుంటారు. "శ్రీలంక వెళుతున్నామండీ, ఎనిమిది రోజులు. ఏమేమి మందులు వెంట పెట్టుకోమంటారు?" అని అడుగుతారు. నేను మందుల మాట పక్కన పెట్టి ముందుగా ఆ కాగితము చూపమంటాను. కొలంబో, అనురాధపురము, త్రింకోమలి, సిగిరియ, కాండీ, నువర ఎలియ, గాల్ అని ఊళ్ల పేర్లు వరుసగా వ్రాసి ఉంటాయి. "ఎన్ని ఊళ్లు చూస్తారో తెలిసినది. ఒక్కొక్క ఊరిలో ఎన్ని రాత్రులు నిద్రిస్తారు?" అని అడిగితే చాలామంది తడుముకొంటారు.

ఈ ప్రశ్న నాకు గ్రంథము చదివినందున పుట్టలేదు. మా అక్కయ్యను పరదేశపు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చిన తరువాత పుట్టినది. పాఠకులకు ఉపయోగపడునని ఆ సంగతి దాచకుండ వ్రాస్తున్నాను.

నేను వేసిన పట్టిక

2018 ఫిబ్రవరిలో మా కుటుంబము నుండి ఆరుగురము శ్రీలంకకు వెళ్లినాము. యాత్రాక్రమము నిర్ణయించినవాడను నేనే. ఏడు రాత్రులు, ఆరు ఊళ్లు. ఏ స్థలమును విడువరాదన్న ఆశ. అక్కయ్యకు అప్పటికి 66 ఏండ్లు, మధుమేహము ఉన్నది. ఆమె నోరు తెరచి కోరిన స్థలము ఒక్కటే: నువర ఎలియకు సమీపమున సీత ఎలియలో ఉన్న సీతమ్మవారి గుడి. దానిని నేను ఆరవ రోజున పెట్టినాను.

నాలుగవ రోజున ఉదయము త్రింకోమలిలో కోణేశ్వరుని దర్శనము, దారిలో సిగిరియ, రాత్రికి కాండీ. అక్కయ్య ఆ రోజు కాఫీ తప్ప నీరు ముట్టలేదు. నీరు త్రాగితే బండి ఆపమని అడుగవలసి వచ్చును. ముందు సీటులో డ్రైవరు, పక్కన మా అల్లుడు. ఆమెకు సంకోచము. సాయంత్రమునకు చలి, వణుకు, మూత్రమున మంట. అర్ధరాత్రి ఆమె నన్ను గుర్తుపట్టక, మా ఊరి బావి దగ్గర బిందె మరచితినని, తెచ్చి పెట్టమని అడుగుచున్నది. వృద్ధులలో మూత్రమార్గపు అంటు ఇట్లు మతిభ్రమగా కనబడునని నేను ఎరిగినవాడనే. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లినాము. అంటు రక్తమునకు పాకినదని వైద్యులు చెప్పినారు. నరమునకు ఆంటిబయాటిక్ ఎక్కించినారు. నాలుగు రోజులు అక్కడనే ఉన్నాము. అది ఆ మందుతో తగ్గవలసిన వ్యాధి. నా సంచిలోని చూర్ణములతో తగ్గునది కాదు.

తేరుకొన్న తరువాత ఆమె అన్న మాట ఇది: "బండి ఆపమని అడుగుదామనుకొన్నానురా తమ్ముడూ. నీ పట్టిక తప్పిపోతుందని ఊరుకొన్నాను." సీతమ్మను చూడకనే ఇంటికి వచ్చినాము.

చరక సంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయము వేగముల గురించి చెప్పును. ఆపరాని వేగములు పదమూడు. వాటిలో మూత్రవేగము, దప్పిక, ఆకలి, నిద్ర, శ్రమవలన కలుగు నిశ్వాసము ఉన్నవి. గురువుగారి ఇంటి అరుగు మీద కూర్చొని ఆ అధ్యాయమును కంఠస్థము చేసినవాడను. పట్టిక వేయునప్పుడు మాత్రము అది తోచలేదు. కిలోమీటర్లు లెక్కించినాను, మనిషి ఎన్నిసార్లు బండి దిగవలెనో లెక్కించలేదు.

ఒక దేశము, మూడు నేలలు

శ్రీలంక చిన్న దేశము. పటము చూచినచో ఊళ్లన్నియు పక్కపక్కనే ఉన్నట్లు తోచును. కాని శరీరమునకు అది చిన్నది కాదు. శాస్త్రము నేలను జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగా విభజించినది. కొలంబో, నెగొంబోల సముద్రతీరము చెమట ఆరని ఆనూపము. అనురాధపురము, దంబుల్ల ప్రాంతము ఎండలు కాయు పొడి నేల. అది జాంగలమునకు దగ్గర. సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న కాండీ సాధారణము. అక్కడ నుండి సుమారు 77 కిలోమీటర్లు ఘాటు రోడ్డున ఎక్కినచో 1,868 మీటర్ల ఎత్తున నువర ఎలియ. ఫిబ్రవరి రాత్రులలో అక్కడ చలి 10 డిగ్రీల దగ్గరకు దిగును. వారము దినములలో ఇన్ని నేలలు మారినచో వాతము ప్రకోపించుట వింత కాదు. మలబద్ధము, నిద్రలేమి, మోకాళ్ల నొప్పి, కడుపు ఉబ్బరము దాని గుర్తులు.

అదే ఏడవ అధ్యాయము అలవాట్లను ఒక్కసారిగా కాక పాదము పాదముగా మార్చుకోవలెనని కూడ చెప్పినది. యాత్రకు ఇంతకన్న మంచి సూత్రము లేదు. తీరము నుండి పొడి నేలకు, అక్కడ నుండి కాండీకి, చివరకు కొండ మీదికి మెట్లు మెట్లుగా పోవలెను. ప్రతి మెట్టు మీద కనీసము రెండు రాత్రులు నిలువవలెను.

కాలనిర్ణయము కూడ ముఖ్యము. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనములు పడమటి తీరమును, కొండలను తడుపును. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈశాన్య ఋతుపవనముల వాన తూర్పు వైపున పడును. అక్టోబరు, నవంబరులలో ద్వీపమంతట వానలే. అనురాధపురము, కాండీ, నువర ఎలియ చూడదలచిన వారికి జనవరి చివర నుండి మార్చి వరకు అనుకూలము.

రెండవ పట్టిక

కరోనా, ఆ తరువాత 2022లో ఆ దేశమున పెట్రోలు కరవు, ఇట్లు ఆరేండ్లు గడచినవి. 2024 ఫిబ్రవరిలో మరల బయలుదేరినాము. అక్కయ్యకు 72. ఈసారి తొమ్మిది రాత్రులు, నాలుగే ఊళ్లు:

నెగొంబో – 1 రాత్రి. కటునాయక విమానాశ్రయమునకు దగ్గర. దిగిన రోజు మరి ప్రయాణము లేదు.
దంబుల్ల – 3 రాత్రులు. ఇక్కడ నుండియే అనురాధపురము, మిహింతలె ఒకనాడు, సిగిరియ ఒకనాడు. పెట్టెలు కదలవు.
కాండీ – 2 రాత్రులు. దంతధాతు మందిరము. 1739 నుండి 1815 వరకు ఇక్కడ ఏలినవారు తెలుగు మూలముల నాయక వంశీయులని మనవారిలో కొందరికే తెలియును.
నువర ఎలియ – 2 రాత్రులు.
నెగొంబో – తిరిగి 1 రాత్రి.

త్రింకోమలి, గాల్, కొలంబో విడిచినాము. విడుచుట కష్టమే. కాని అన్ని ఊళ్లు చూచి వచ్చిన వారిని అడిగి చూడండి. వారికి బాగుగా జ్ఞాపకము ఉండునది బండి కిటికీయే.

రోజుకు ఒకే ముఖ్యస్థలము, అదియు ఉదయమున. మధ్యాహ్నము విశ్రాంతి. ప్రతి రెండు గంటలకు బండి ఆపవలెను. ఎవరును అడుగకున్నను ఆపవలెను. ఈ నియమము బయలుదేరక ముందే డ్రైవరుకు చెప్పినాను. అడుగవలసిన అవసరము లేకున్నచో సంకోచమునకు తావు లేదు. బండి దిగినప్పుడు పది నిమిషములు నడచినచో పిక్కలలో రక్తము నిలువ ఉండదు.

సిగిరియ మెట్లు, అనురాధపురపు రాళ్లు

సిగిరియ అయిదవ శతాబ్దమున కాశ్యప రాజు కోట కట్టిన శిల. సుమారు 1,200 మెట్లు. వ్యాయామము శక్తిలో సగము వరకే చేయవలెనని సుశ్రుతుడు, వాగ్భటుడు చెప్పినారు. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినచో సగము శక్తి ఖర్చు అయినదని గుర్తు. అక్కడ నిలిచి దిగి రావలెను. దిగుటకు మిగిలిన సగము కావలెను. ఛాతీలో బిగింపు, కళ్లు తిరుగుట ఉన్నచో ఒక్క మెట్టు కూడ ఎక్కరాదు. గుండెజబ్బు ఉన్నవారు ముందుగానే తమ వైద్యుని అడుగవలెను. అక్కయ్య కింద ఉద్యానములలోనే నడచి, చెట్టు నీడన కూర్చున్నది. పిల్లలు ఎక్కి వచ్చి ఆమెకు పైన చూచినదంతయు చెప్పినారు.

అనురాధపురమున రువన్వెలిసాయ స్తూపము, శ్రీమహాబోధి దగ్గర చెప్పులు విడువవలెను. పది గంటలు దాటినచో రాతిపలకలు పెనము వలె కాలును. మధుమేహము వలన పాదములు తిమ్మిరెక్కిన వారికి వేడి తెలియదు. బొబ్బలు రాత్రికి కనబడును. ఉదయము ఏడింటికే వెళ్లండి. మందపాటి నూలు మేజోళ్లు వెంట ఉంచుకోండి. రాత్రి పాదములను చూచుకొన్న తరువాతనే పడుకోండి.

రాతి తొట్టి చెప్పు పాఠము

అనురాధపురమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున మిహింతలెలో కొండ అడుగున తొమ్మిదవ శతాబ్దపు ఆసుపత్రి శిథిలములు ఉన్నవి. మనిషి ఆకారమున లోపల తొలిచిన రాతి తొట్టి ఒకటి అక్కడ నేటికిని ఉన్నది. రోగిని ఔషధద్రవములో పడుకోబెట్టుటకు దానిని వాడినారని చెబుతారు. మన గ్రంథములలోని ద్రోణీ అవగాహము కళ్లకు కట్టినది. దాని పక్కన నేను చాలసేపు నిలిచినాను.

ఆ తొట్టిలో పడుకొన్న రోగి మరునాడు బస్సు ఎక్కినవాడు కాడు. ఇప్పుడు యాత్రామధ్యమున రెండు రోజుల పంచకర్మ అని చేయించుకొనువారు పెరిగినారు. పంచకర్మ చేయించుకొన్నవారు విడువవలసిన ఎనిమిదింటిని చరకము సిద్ధిస్థానమున చెప్పినది. వాటిలో వాహనపు కుదుపులు, మితిమీరిన నడక, ఎక్కువసేపు కూర్చుండుట, అజీర్ణము, పగటినిద్ర ఉన్నవి. యాత్ర అనగా ఇవియే కదా! యాత్రలో శోధన చికిత్స వద్దు. పాదములకు, నడుమునకు గోరువెచ్చని నూనె రాయించుకొనుట చాలును.

మనము ఎరిగిన మూలికలే

శ్రీలంకలో ఆహారమునకు భయపడనక్కరలేదు. ఉదయమున దొరకు కొల కెంద అనునది ఆకుపసరు కలిపిన బియ్యపు జావ. దానిలో తరచుగా వేయు గొటుకొల మన మండూకపర్ణియే. రణవర అని అమ్ము ఎండు పూలు మన తంగేడు పూలు. బెలి మల్ మారేడు పూలు. ఇరముసు సుగంధిపాల. పంచదార లేకుండ త్రాగినచో టీకి బదులుగా బాగుండును. మధుమేహపు మందులు వాడువారు తంగేడు కషాయమును రోజుకొక చిన్న కప్పుకు మించనీయరాదు. తంబిలి అను పసుపుపచ్చని కొబ్బరిబోండము నీరు ఎండకు మేలు. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు దానిని మానవలెను. కూరలలో కొబ్బరిపాలు, మిరపకారము ఎక్కువ. రాత్రిపూట ఇడియాప్పము, పలుచని పప్పు మేలు.

సంచిలో ఉండవలసినవి

శొంఠి పొడి: ఘాటు రోడ్డున వికారమునకు, బయలుదేరుటకు అరగంట ముందు పావు చెంచా, చిటికెడు ఉప్పుతో. రక్తము పలుచబడు మందులు వాడువారు వద్దు.
ధనియాలు, జీలకర్ర: చెంచా చొప్పున లీటరు నీటిలో మరిగించి వడకట్టి, పగలంతయు కొంచెము కొంచెముగా త్రాగుటకు.
త్రిఫల చూర్ణము: మలబద్ధమునకు రాత్రి అర చెంచా, వేడినీటితో. విరేచనములు ఉన్నప్పుడు వాడరాదు.
నువ్వుల నూనె: చిన్న సీసా, రాత్రి అరికాళ్లకు.
ఓఆర్ఎస్ పొట్లములు, దోమల నివారిణి, రోజూ వాడు మందులు రెండింతలు, వైద్యుని చీటీ. మందులు చేతిసంచిలోనే ఉండవలెను.

శ్రీలంక నుండి మలేరియా తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించినది. డెంగీ మాత్రము ఉన్నది. జ్వరము వచ్చినచో కషాయములతో కాలము గడపక రక్తపరీక్ష చేయించండి. భారతదేశపు సహాయముతో 2016లో మొదలైన ఉచిత అంబులెన్సు సేవ అక్కడ ఉన్నది. దాని సంఖ్య 1990. ఇంటిల్లిపాది ఫోనులలో వ్రాసి ఉంచండి.

రెండవసారి కాండీ నుండి నువర ఎలియకు పోవు దారిలో బండి నాలుగుసార్లు ఆగినది. గంటన్నర ఆలస్యమయినది. మరునాడు ఉదయము అక్కయ్య సీత ఎలియ గుడి పక్కన పారు వాగులో పాదములు ఉంచి, హనుమంతుని అడుగుజాడలని చెప్పు రాతిగుంటలను తాకినది. "ఇక ఏ ఊరు తీసుకొని వెళ్లినా సరేనురా" అన్నది.

మీరు ఏ దేశమునకు పోదలచినను, ఊళ్ల పేర్లు వ్రాయక ముందు మీ ఇంటి పెద్దవారి దగ్గర కూర్చొని రెండు మాటలు అడగండి: "ఎంతసేపటికి ఒకసారి బండి దిగవలెను? ఒక్కటే చూడగలిగినచో ఏది చూడవలెను?" మొదటి సమాధానమును బట్టి దూరములు నిర్ణయించండి. రెండవ సమాధానమును యాత్ర చివరకు నెట్టవద్దు. మిగిలిన ఊళ్లు ఆ తరువాత.