33 ఏళ్లు నిద్రపోయిన ఓడ

పిల్లలూ! శ్రీకాకుళం దగ్గర ఉన్న శ్రీకూర్మం పేరు మీరు వినే ఉంటారు. అక్కడి కూర్మనాథస్వామి గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. ఆపద తోచగానే తాబేలు తలనూ కాళ్లనూ డిప్పలోకి లాక్కుని రాయిలా పడి ఉంటుంది. భయం తీరాక నెమ్మదిగా తల బయటపెట్టి మళ్లీ నడక సాగిస్తుంది.

ఇలాగే ముడుచుకుని 33 ఏళ్లు పడి ఉండి, మళ్లీ లేచి నడిచిన ఓడ ఒకటి ఉంది. దాని పేరు జెరెమయా ఓబ్రయన్. ఒక్క వానాకాలం ఆరుబయట వదిలేస్తేనే కొడవలి తుప్పు పడుతుంది కదా! మరి నీళ్లలో ఉన్న ఇనుప ఓడ అన్నేళ్లు ఎలా నిలిచింది?

ఓడలు మునిగిన కాలం

శ్రీకూర్మానికి కొద్ది దూరంలోనే బంగాళాఖాతం ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942 ఏప్రిల్‌లో, జపాన్ నౌకాదళం ఈ సముద్రంలోకి వచ్చి కొద్ది రోజుల్లోనే 20కి పైగా సరుకు ఓడలను ముంచివేసింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అట్లాంటిక్ సముద్రంలో జర్మన్ జలాంతర్గాములు ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఓడలను ముంచాయి. సరుకు ఓడ మునిగితే తిండి, మందులు, ఆయుధాలు అన్నీ ఆగిపోతాయి.

అందుకే అమెరికా ఒకే నమూనాలో వేగంగా ఓడలు కట్టడం మొదలుపెట్టింది. వాటిని లిబర్టీ ఓడలు అన్నారు. ఇనుప రేకులను రివెట్లతో బిగించే బదులు ఎక్కువగా వెల్డింగు చేశారు. భాగాలను వేరువేరుగా తయారుచేసి తెచ్చి ఒకచోట అతికారు. 1941 నుంచి 1945 దాకా ఇలా 2,710 ఓడలు తయారయ్యాయి.

వాటిలో ఒకటైన జెరెమయా ఓబ్రయన్ 1943 జూన్ 19న నీటిలోకి దిగింది. పొడవు సుమారు 135 మీటర్లు. సుమారు 9,000 టన్నుల సరుకు మోస్తుంది. దాని ఆవిరియంత్రం శక్తి 2,500 అశ్వశక్తులు. ఇందులో ఆవిరి ఒకదాని తర్వాత ఒకటిగా మూడు సిలిండర్లలో వ్యాకోచిస్తూ, ఒక్కోదానిలో ముషలకాన్ని నెడుతుంది. ఇంత చేసినా వేగం గంటకు 20 కిలోమీటర్లే. వేగంలోనూ తాబేలు లాంటిదే!

1944లో ఈ ఓడ ఇంగ్లండు నుంచి ఫ్రాన్సులోని నార్మండీ తీరానికి 11 సార్లు వెళ్లివచ్చింది. తర్వాత పసిఫిక్, హిందూ మహాసముద్రాలలో తిరిగింది. మన దేశానికి కూడా వచ్చింది.

నీళ్లలో నిద్ర

1945లో యుద్ధం ముగిసింది. వేలాది ఓడలకు ఒక్కసారిగా పని లేకుండా పోయింది. మళ్లీ అవసరం వస్తే? అందుకని 1946లో అమెరికా జాతీయ రక్షణ రిజర్వు నౌకాదళాన్ని ఏర్పరచింది. 1950 నాటికి అందులో 2,277 ఓడలు ఉన్నాయి. ఓబ్రయన్‌ను 1946లో కాలిఫోర్నియాలోని సూసన్ అఖాతంలో లంగరు వేశారు.

ఇక అసలు శత్రువు తుప్పు. ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పు తోడైతే పని ఇంకా త్వరగా సాగుతుంది. సూసన్ అఖాతంలో నదుల మంచినీరు కలుస్తుంది కనుక అక్కడ ఉప్పు తక్కువ. రిజర్వు ఓడల యంత్రాలకూ లోహపు భాగాలకూ చిక్కటి నూనెలు, జిడ్డు పదార్థాలు పూశారు. కొన్ని ఓడలలో గదులు మూసివేసి లోపలి గాలిలోని తేమను యంత్రాలతో తీసేశారు.

నీటిలో మునిగి ఉండే అడుగుభాగానికి మరో ఉపాయం ఉంది. ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి పోవడంతో తుప్పు మొదలవుతుంది. బయటినుంచి కొద్దిపాటి విద్యుత్తు పంపి ఓడకు ఎలక్ట్రాన్లను అందిస్తూ ఉంటే ఇనుము తన ఎలక్ట్రాన్లను వదలవలసిన అవసరం ఉండదు. దీనినే కాథోడ్ రక్షణ అంటారు.

ఆకలి లేపిన ఓడలు

ఇంత శ్రమపడి దాచడం దండగ అనుకుంటున్నారా? 1951లో మన దేశంలో తిండిగింజలకు పెద్ద కొరత వచ్చింది. 20 లక్షల టన్నుల గింజలు కొనుక్కోవడానికి అమెరికా మనకు అప్పు ఇచ్చింది. కాని వాటిని తెచ్చేదెలా? లెక్క వేయండి. ఒక ఓడ 9,000 టన్నులు తెస్తే 220కి పైగా ప్రయాణాలు కావాలి! అన్ని ఓడలు అప్పటికప్పుడు ఎక్కడ దొరుకుతాయి? నిద్రపోతున్న ఓడలను లేపారు. 1951-53 మధ్య మన దేశానికి గింజలు, ఐరోపాకు బొగ్గు మోయడానికి రిజర్వు నుంచి 600కి పైగా ఓడలను బయటికి తీశారు. యుద్ధం కోసం పుట్టిన ఓడలు అన్నం మోశాయన్నమాట.

మేలుకొన్న రోజు

కాలం గడిచేకొద్దీ లిబర్టీ ఓడలు పాతబడ్డాయి. ఒక్కొక్కటే పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి. ఓబ్రయన్‌కు కూడా అదే గతి పట్టేది. థామస్ ప్యాటర్సన్ అనే నౌకాధికారి, ఆయనతో కలిసిన స్వచ్ఛంద సేవకులు దాన్ని కాపాడారు. పాత జిడ్డు గోకి, బాయిలర్లు శుభ్రం చేసి నిప్పు రాజేశారు. 1979 అక్టోబరు 6న ఓబ్రయన్ మరో ఓడ లాగవలసిన పని లేకుండా, తన సొంత ఆవిరితో సూసన్ అఖాతం దాటింది!

1994లో, నార్మండీ యుద్ధానికి 50 ఏళ్లు నిండినప్పుడు, అది మళ్లీ అక్కడికి వెళ్లివచ్చింది. సిబ్బందిలో చాలామంది యుద్ధకాలంలో ఓడలలో పనిచేసిన వృద్ధులే. 1997లో వచ్చిన టైటానిక్ సినిమాలో కదిలే యంత్రాలుగా చూపించినవి ఈ ఓడ యంత్రాలే. ఇప్పుడు ఇది శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రదర్శనశాలగా ఉంది.

మీరే చేసి చూడండి

నాలుగు గాజు సీసాలు, నాలుగు కొత్త ఇనుప మేకులు తీసుకోండి. మొదటి సీసాలో మామూలు నీరు, రెండోదానిలో ఉప్పునీరు పోసి మేకులు వేయండి. మూడోదానిలో పెద్దల సాయంతో నీటిని బాగా మరిగించి, చల్లార్చి పోసి, మేకు వేసి పైన నూనె పోయండి. నాలుగో మేకుకు దట్టంగా వాజలైన్ పూసి ఉప్పునీటిలో వేయండి. వారం రోజులు రోజూ చూసి, కనిపించిన మార్పులు రాసుకోండి. ఏ మేకు ముందు ఎర్రబడింది? ఏది మెరుస్తూనే ఉంది? ఓడను దాచినవారికి తెలిసిన రహస్యం మీ సీసాలలోనే కనిపిస్తుంది.