తెర వెలగకముందే ఆగిపోయిన కంప్యూటర్ ఏం చెప్పి ఆగింది?

రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు కరెంటు ఇస్తారు. ఎర్ర లైటు వెలుగుతుంది, పచ్చ లైటు కాసేపు మిణుకుమంటుంది, టీవీ తెర మాత్రం నల్లగానే ఉండిపోతుంది. మెమరీ కార్డు మార్చి చూస్తారు, అడాప్టర్ మార్చి చూస్తారు, హెచ్‌డీఎంఐ వైరు మార్చి చూస్తారు. ఊహలతోనే సాయంత్రం గడిచిపోతుంది. అయితే ఎక్కడిదాకా వచ్చిందో, ఏది దొరక్క ఆగిందో అక్షరాల్లో చెప్పే ఏర్పాటు ఆ బోర్డులోనే ఉంది. వినడానికి మూడు వైర్లున్న ఒక సీరియల్ కేబుల్ చాలు. దాన్నే చాలామంది డీబగ్ కేబుల్ అంటారు.

ఆ సందేశాలు తెర మీద ఎందుకు కనపడవు?

తెర మీద ఒక్క అక్షరం పడాలన్నా దాని వెనక పెద్ద తతంగం ఉంటుంది. మెమరీ సర్దుకోవాలి, గ్రాఫిక్స్ డ్రైవర్ లేవాలి, ఎదురుగా ఉన్న తెర ఏ సైజుదో తెలియాలి, అక్షరాల బొమ్మలు చుక్కలుగా మారి తెరకు చేరాలి. ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా తెర నల్లగానే ఉంటుంది.

లినక్స్ కెర్నల్ మొదటి క్షణం నుంచీ మాట్లాడుతూనే ఉంటుంది. కానీ ఆ మాటలు ముందు మెమరీలోని ఒక బఫర్‌లో పోగవుతాయి. బయటికి పంపే కన్సోల్ ఏదో ఒకటి సిద్ధమయ్యాక, అప్పటిదాకా పోగైనవన్నీ ఒక్కసారి దానిలో కుమ్మరిస్తుంది. మామూలుగా బూట్ అయ్యే కంప్యూటర్‌లో ఈ ఆలస్యం ఎవరికీ పట్టదు. కన్సోల్ లేవకముందే కెర్నల్ కూలిపోతేనే చిక్కు. అసలు కారణం మెమరీలో రాసే ఉంటుంది, కరెంటు తీయగానే దాంతోపాటే పోతుంది.

సీరియల్ లైన్‌కే ఆ పని ఎలా సాధ్యం?

దాని అవసరాలు అతి తక్కువ కాబట్టి. కట్టుబడి పూర్తయిన ఇంట్లో కాలింగ్ బెల్ నొక్కొచ్చు గానీ, పునాదుల్లో పనిచేసే మేస్త్రీ ఎవరినైనా పిలవాలంటే కేక వెయ్యాల్సిందే. సీరియల్ పోర్ట్ అలాంటి కేక. దాన్ని నడిపే యూఆర్ట్ చిప్‌కు డ్రైవర్ హంగామా అక్కర్లేదు. ‘ఖాళీగా ఉన్నావా’ అని ఒక రిజిస్టర్‌లో చూడటం, ఖాళీగా ఉంటే ఇంకో రిజిస్టర్‌లో ఒక అక్షరం రాయడం, అంతే. ఇంటరప్టులు లేకపోయినా, మెమరీ పంపకం మొదలవకపోయినా ఈ రెండు పనులూ జరుగుతాయి.

వైరు మీద జరిగేది కూడా అంతే సాదాగా ఉంటుంది. ఏమీ పంపనప్పుడు లైన్ పై స్థాయిలో, అంటే 3.3 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ పంపాలనుకుందాం. దాని సంఖ్య 65. ముందు లైన్ ఒక బిట్టు కాలం కిందికి పడుతుంది, అది స్టార్ట్ బిట్. తర్వాత 65ను చిన్న స్థానం వైపు నుంచి పంపుతుంది: 1, 0, 0, 0, 0, 0, 1, 0. చివర లైన్ మళ్లీ పైకి లేస్తుంది, అది స్టాప్ బిట్. మొత్తం పది బిట్లు. సెకనుకు 115200 బిట్ల వేగంలో ఒక్కో బిట్టుకు 8.7 మైక్రోసెకన్లు, ఒక్కో అక్షరానికి దాదాపు 87 మైక్రోసెకన్లు పడుతుంది. రెండు యంత్రాల మధ్య గడియారం వైరు లేదు. స్టార్ట్ బిట్ పడ్డ క్షణం నుంచి అవతలివైపు తన గడియారంతోనే లెక్కపెట్టుకుంటుంది. అందుకే వేగం ఎంతో ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి.

ఏ వైరు ఎక్కడ పెట్టాలి?

రాస్ప్‌బెర్రీ పై 40 పిన్నుల వరసలో 6వది గ్రౌండ్, 8వది బోర్డు పంపేది, 10వది బోర్డు వినేది. మీ దగ్గరున్న యూఎస్‌బీ–సీరియల్ కేబుల్‌లో గ్రౌండ్ వైరు 6కు వెళ్లాలి. మిగతా రెండూ అడ్డంగా మారాలి: బోర్డు పంపే పిన్నుకు కేబుల్ వినే వైరు, బోర్డు వినే పిన్నుకు కేబుల్ పంపే వైరు. పై 5 బోర్డులో ఇందుకోసం రెండు హెచ్‌డీఎంఐ సాకెట్ల మధ్య మూడు పిన్నుల చిన్న డీబగ్ సాకెట్ విడిగా ఇచ్చారు.

వైర్ల రంగుల్ని నమ్మకండి. కొన్ని కేబుళ్లలో తెలుపు వినేది, ఆకుపచ్చ పంపేది. ఎఫ్‌టీడీఐ వారి కేబుల్‌లో పసుపు వినేది, నారింజ పంపేది. నలుపు మాత్రం రెంటిలోనూ గ్రౌండే. ఎర్ర వైరులో కరెంటు ఉంటుంది. బోర్డుకు దాని అడాప్టర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి దాన్ని దేనికీ తగిలించకుండా వదిలెయ్యాలి.

వోల్టేజీ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. బోర్డు పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు. పాత డెస్క్‌టాప్ వెనక ఉండే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్ట్ 1960లో పుట్టిన ఆర్‌ఎస్–232 పద్ధతిది. అందులో వోల్టేజీ ప్లస్‌లోనూ మైనస్‌లోనూ పదిహేను దాకా వెళ్లొచ్చు. దాన్ని నేరుగా బోర్డుకు కలిపితే చిప్ కాలిపోతుంది. అడాప్టర్ మీద 5 వోల్టులు, 3.3 వోల్టులు అని జంపర్ ఉంటే 3.3 వైపు పెట్టండి.

సాఫ్ట్‌వేర్‌లో ఏం మార్చాలి?

మెమరీ కార్డును ఇంకో కంప్యూటర్‌లో పెట్టి బూట్ పార్టిషన్ తెరవండి. అందులో కాన్ఫిగ్ ఫైల్‌లో ‘ఎనేబుల్_యూఆర్ట్=1’ అనే లైను చేర్చాలి. సీఎండీలైన్ ఫైల్‌లో ‘కన్సోల్=సీరియల్0,115200’ ఉందో లేదో చూడాలి. ఈ మాటలన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చెయ్యాలి. సీఎండీలైన్ ఫైల్ మొత్తం ఒకే లైనుగా ఉండాలి. మధ్యలో ఎంటర్ కొడితే ఆ తర్వాతిదంతా కెర్నల్‌కు అందదు. అక్కడే ‘క్వయట్’ అనే మాట కనిపిస్తే తీసెయ్యండి, కెర్నల్‌ను తగ్గి మాట్లాడమనేది అదే.

ఇవతలి కంప్యూటర్‌లో విండోస్ అయితే పుట్టీ, లినక్స్ అయితే పైకోకామ్ లేదా మినికామ్ సరిపోతాయి. వేగం 115200, డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ ఆఫ్. లినక్స్‌లో పోర్ట్ తెరవడానికి అనుమతి లేదంటే మీ యూజర్‌ను డయలవుట్ గ్రూపులో చేర్చాలి. వచ్చిందంతా ఫైల్‌లోకి వెళ్లేలా లాగింగ్ ముందే పెట్టుకోండి, తెర మీద జారిపోయే లైన్లు కంటితో పట్టుకోలేరు. అన్నిటికన్నా ముఖ్యం వరస: ముందు కేబుల్, తర్వాత టెర్మినల్, ఆ తర్వాతే బోర్డుకు కరెంటు. ఎవరూ వినని సమయంలో పంపిన అక్షరాలను సీరియల్ లైన్ దాచిపెట్టదు.

చెత్త అక్షరాలు వస్తున్నాయి, ఎందుకు?

చాలావరకు వేగం తేడా వల్లే. వినేవైపు ప్రతి బిట్టును దాని మధ్యలో చూస్తుంది. పదో బిట్టు చేరేసరికి రెండు గడియారాల మధ్య అరబిట్టు తేడా వచ్చిందంటే పక్క బిట్టును చదివేస్తుంది. లెక్క వేస్తే ఐదు శాతం తేడాకే అక్షరం తప్పుతుంది. పై 3, పై 4 బోర్డుల్లో దీనికి ప్రత్యేక కారణం ఒకటుంది. వాటిలో మంచి యూఆర్ట్‌ను బ్లూటూత్‌కు ఇచ్చి, పిన్నులకు మినీ యూఆర్ట్ అనే చిన్నదాన్ని వదిలారు. దాని వేగం చిప్ కోర్ గడియారం మీద ఆధారపడుతుంది. ఆ గడియారం మారితే మన 115200 కూడా మారిపోతుంది. ‘ఎనేబుల్_యూఆర్ట్=1’ ఆ గడియారాన్ని ఒకచోట కట్టేస్తుంది.

అసలేమీ రాకపోతే మల్టీమీటర్‌తో 8వ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య చూడండి. దాదాపు 3.3 వోల్టులు ఉంటే లైన్ సిద్ధంగా ఉన్నట్టే; అప్పుడు రెండు వైర్లూ అటూఇటూ అయ్యాయేమో చూసుకోవాలి.

కెర్నల్ సీరియల్ డ్రైవర్ కూడా లేవకముందే పడిపోతే?

దానికోసమే కెర్నల్‌లో ‘ఎర్లీకాన్’ అనే ఏర్పాటు ఉంది. సీఎండీలైన్‌లో ఆ మాట చేరిస్తే, అసలు డ్రైవర్ కోసం ఆగకుండా కెర్నల్ నేరుగా యూఆర్ట్ రిజిస్టర్లలో రాస్తుంది. ఏ యూఆర్టో, బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే డివైస్ ట్రీలో చెప్పి ఉంటే ఆ ఒక్క మాట చాలు, లేకపోతే దాని రకం, చిరునామా కూడా ఇవ్వాలి. మామూలు పీసీల్లో ఇదే పనికి ‘ఎర్లీప్రింట్‌కె’ అనే మాట చాలాకాలంగా ఉంది.

ఇది నెమ్మదైన పద్ధతి. ప్రతి అక్షరం బయటికి వెళ్లేదాకా ప్రాసెసర్ ఆగుతుంది. ఎనభై అక్షరాల లైనుకు ఏడు మిల్లీసెకన్లు పోతాయి. అరవై వేల అక్షరాల లాగ్ అనుకుంటే 115200 వేగంలో ఐదు సెకన్లు, 9600లో నిమిషం పైన. కానీ మనకు ధీమా ఇచ్చేది ఈ నెమ్మదే. తర్వాతి అడుగులో కెర్నల్ కూలినా, అంతకుముందు లైను అప్పటికే వైరు ఎక్కేసి ఉంటుంది.

ఎర్లీకాన్ పెట్టిన లాగ్ మొదట్లో చాలా లైన్ల ముందు 0.000000 అనే ఒకే సమయం కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. సమయం చెప్పే గడియారం కూడా అప్పటికి లేవలేదన్నమాట. నిజమైన సమయాలు కావాలంటే, లైను అందినప్పుడల్లా ఇవతలివైపే సమయం ముద్రవేసే గ్రాబ్‌సీరియల్ లాంటి పనిముట్టు వాడాలి.

కెర్నల్ కంటే ముందుండే బూట్‌లోడర్ మాటలకు వేరే స్విచ్ ఉంది. పై 4లో బోర్డు మీది ఈప్రామ్ సెట్టింగుల్లో ‘బూట్_యూఆర్ట్=1’ పెట్టాలి, ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో. కేబుల్ లేకుండానే మాట్లాడేది పచ్చ లైటే: నాలుగుసార్లు వెలిగి ఆరితే స్టార్ట్ ఫైల్ దొరకలేదని, ఏడుసార్లయితే కెర్నల్ ఫైల్ దొరకలేదని అర్థం.

సీరియల్ పోర్ట్ లేని ల్యాప్‌టాప్ సంగతేమిటి?

ల్యాప్‌టాప్‌కే యూఎస్‌బీ–సీరియల్ కేబుల్ గుచ్చి అందులోంచి తొలి సందేశాలు లాగుదామని చాలామంది చూస్తారు. అది పనిచెయ్యదు. యూఎస్‌బీ పనిచెయ్యాలంటే కంట్రోలర్, హబ్, పరికరం గుర్తింపు అన్నీ ముందు లేవాలి. మనకు కావలసిన సందేశాలు వాటికంటే ముందువి. ఇందుకోసం యూఎస్‌బీ 3 కంట్రోలర్లలో డీబగ్ సామర్థ్యాన్ని విడిగా పెట్టారు. దాన్ని వాడటానికి ‘ఎర్లీప్రింట్‌కె=ఎక్స్‌డీబీసీ’ అని ఇచ్చి, రెండు వైపులా యూఎస్‌బీ–ఎ ప్లగ్గులున్న ప్రత్యేక డీబగ్ కేబుల్ కలపాలి. ఆ కేబుల్‌లో కరెంటు తీగ కలిపి ఉండదు, ఉంటే రెండు కంప్యూటర్ల కరెంటు ఒకదానికొకటి ఎదురవుతుంది. అందుకని మామూలు రెండు తలల యూఎస్‌బీ వైరు ఇక్కడ వాడకూడదు.

కేబుల్ దొరక్కపోతే ‘ఎర్లీకాన్=ఈఎఫ్ఐఎఫ్‌బీ’ ఉంది. యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ అప్పటికే వెలిగించిన తెర మీదే కెర్నల్ రాస్తుంది. ఫైల్‌లోకి రాదు గానీ ఫోన్‌తో వీడియో తీసుకోవచ్చు.

లాగ్ చేతికొచ్చాక ఏం చూడాలి?

చాలామంది చివరి లైనునే దోషిగా పట్టుకుంటారు. చివరి లైను చెప్పేది అక్కడిదాకా పని నడిచిందని మాత్రమే. దోషం దాని తర్వాతి అడుగులో ఉంటుంది.

అది కూడా లైను నిజంగా చివరిదైతేనే. లాగ్ ‘బూట్‌కన్సోల్ డిసేబుల్డ్’ అన్న మాటతో ఆగిపోతే కెర్నల్ చచ్చిపోయిందని తేల్చెయ్యకండి. ఎర్లీకాన్ తన పని ముగించి అసలు కన్సోల్‌కు అప్పగించింది, ఆ కన్సోల్ ఇంకో పోర్టో తెరో అయ్యుంటుంది. ‘కీప్_బూట్‌కాన్’ అని చేర్చి మళ్లీ బూట్ చేస్తే ఎర్లీకాన్ తప్పుకోకుండా మాట్లాడుతూనే ఉంటుంది. కొత్త లైన్లు వస్తే తప్పు కన్సోల్ సెట్టింగుది.

‘వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్’ దగ్గర నిలిచిపోతే కాస్త పైకి వెళ్లి కార్డు పేరు, దాని పక్కన రెండు పార్టిషన్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే కార్డు బాగానే ఉంది, సీఎండీలైన్‌లో ఇచ్చిన రూట్ చిరునామా తప్పు. లేకపోతే కార్డునో, దాని డ్రైవర్‌నో అనుమానించాలి.

ఏ సూచనా లేకుండా నడిమధ్యలో ఆగితే ‘ఇనిట్‌కాల్_డీబగ్’, ‘ఇగ్నోర్_లాగ్‌లెవెల్’ అనే రెండు మాటలు చేర్చండి. అప్పటినుంచి కెర్నల్ ఏ డ్రైవర్ మొదలుపెట్టేముందైనా ‘కాలింగ్’ అని దాని పేరు చెబుతుంది, ముగిశాక ‘రిటర్న్‌డ్’ అంటుంది. ‘కాలింగ్’ ఉండి, దానికి జత ‘రిటర్న్‌డ్’ రాని పేరు ఏదో వెతకండి. కార్డు, అడాప్టర్, వైరు అంటూ మార్చి చూడటం మానేసి, ఆ ఒక్క పేరు పట్టుకుని పని మొదలుపెట్టొచ్చు.