నిజం చెప్పే కెమెరా కోసం

అమెరికాలో తెలుగువారి ఉత్సవం ఏదైనా కూచిపూడి లేనిదే నిండుదనం రాదు. అటువంటి ఒక సభలో మా అమ్మాయి తరంగం ప్రదర్శించింది. గాయకులకు, ప్రేక్షకులకు అంతరాయం కలగరాదని కెమెరాను నిశ్శబ్ద పద్ధతిలో ఉంచి ఛాయాచిత్రాలు తీశాను. వాటిలో ఒకటి గుంటూరులోని మా అమ్మకు పంపితే, "పిల్ల చేతికి ఏమైందిరా? అలా వంగిపోయిందేం?" అని ఆమె కంగారుపడింది. చేయి బాగానే ఉన్నది, వంకర కెమెరాది. రాబోయే తరం కెమెరాలు ఈ వంకరను తీర్చగలవా అన్నదే ఈ వ్యాస విషయం.

డిజిటల్ ఛాయాగ్రహణానికి పుట్టినిల్లు అమెరికాయే. 1969లో న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్‌లు సీసీడీ పరికరాన్ని కనుగొన్నారు. అందుకు 2009లో వారికి నోబెల్ బహుమతి లభించింది. 1975లో రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమెరాను నిర్మించాడు. అందులోని పిక్సెళ్లు 10,000 మాత్రమే. ఒక్కొక్క చిత్రాన్ని క్యాసెట్ టేపుపై నమోదు చేయడానికి 23 సెకండ్లు పట్టేది. 1990లలో నాసా జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఎరిక్ ఫోసమ్ బృందం అభివృద్ధి చేసిన సీమాస్ సెన్సర్ల సంతతే నేడు మన చేతిలోని కెమెరాలలో ఉన్నది.

'ఫుల్ ఫ్రేమ్' అంటే పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రమంత సెన్సర్. 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు, 864 చదరపు మి.మీ. వైశాల్యం. వాన కురిసేటప్పుడు వాకిట్లో వెడల్పాటి గంగాళం పెడితే చెంబుకన్నా ఎక్కువ నీరు పట్టినట్లే, పెద్ద సెన్సర్ ఎక్కువ కాంతిని పడుతుంది. మసక వెలుతురు వేదికపై దాని విలువ తెలుస్తుంది. 2013లో వచ్చిన సోనీ ఆల్ఫా 7తో ఈ పరిమాణంలో అద్దం లేని కెమెరాలు ప్రాచుర్యం పొందాయి. 2018లో నికాన్, కెనాన్ సంస్థలు అదే బాట పట్టాయి.

ఇక వంకర సంగతి. సెన్సర్‌లోని వరుసలన్నీ ఒకేసారి చదవబడవు. పెళ్లి పంక్తిలో మొదటి విస్తరి నుంచి చివరి విస్తరి దాకా వడ్డన సాగినట్లు పైవరుస నుంచి కిందివరుసకు క్రమంగా చదవబడతాయి. ఈలోగా నర్తకి చేయి జరిగిపోతుంది. ఎల్ఈడీ దీపాల మిణుకు చారలుగా పడుతుంది. యాంత్రిక షట్టరు ఈ దోషాన్ని చాలావరకు కప్పిపుచ్చుతుంది. నిశ్శబ్దం కోసం దానిని ఆపగానే దోషం బయటపడుతుంది.

2023లో ప్రకటించిన సోనీ ఆల్ఫా 9 III ఈ చిక్కును విప్పింది. దాని పిక్సెళ్లన్నీ ఏకకాలంలో కాంతిని గ్రహిస్తాయి. దీనినే గ్లోబల్ షట్టర్ అంటారు. అయితే దీనికీ మూల్యం ఉన్నది. ప్రతి పిక్సెల్ తన సమాచారాన్ని దాచుకోవడానికి కొంత చోటు వదులుకోవాలి. అందువల్ల వెలుగునీడలను ఒకే చిత్రంలో ఇముడ్చుకునే శక్తి కొంత తగ్గుతుంది. ఆ శక్తి తగ్గకుండా, సామాన్య గృహస్థుకు అందే ధరలో ఈ సౌకర్యం రావాలన్నది నా మొదటి ఆశ.

రెండవది మేనిఛాయ. ఫిల్ము కాలంలో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ ముద్రణశాలలకు పంపిన 'షర్లీ' కార్డులపై ఉన్నది తెల్లని యువతి బొమ్మ. చామనచాయ ముఖాలకు అందువల్ల చాలాకాలం అన్యాయం జరిగింది. 1990ల నడుమ గాని పలు జాతుల వనితలతో కొడాక్ కార్డు వెలువడలేదు. నేడు రంగులను నిర్ణయించేవి కెమెరాలోని గణన సూత్రాలు. వాటిని రూపొందించేటప్పుడు మన ముఖాలు కూడా లెక్కలోకి రావాలి.

మూడవది ప్రామాణ్యం. కృత్రిమ మేధ ఎవరి బొమ్మనైనా కల్పించగల రోజులివి. 2023లోనే లైకా ఎం11-పి కెమెరా, చిత్రం తీసిన క్షణంలోనే దానికి డిజిటల్ సంతకం జోడించే సదుపాయంతో వచ్చింది. ఇది ప్రతి కెమెరాకూ అబ్బాలి.

పిక్సెళ్ల సంఖ్య ఇప్పటికే మన గోడల అవసరాన్ని మించిపోయింది. ఇక కావలసినది నిజాయితీ. వేల మైళ్ల దూరాన ఉన్న అమ్మమ్మలకు, నానమ్మలకు మనవరాలి నాట్యం చేరేది ఈ చిన్న గాజుకంటి ద్వారానే. ఆ కన్ను చూసినది చూసినట్లు చెబితే చాలు.