లినక్స్‌లో నమ్మేది ఎవర్ని?

సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి లినక్స్‌ని నమ్మొచ్చు అంటుంటారు. అది సగం నిజమే.

2024 మార్చి నెలాఖరులో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు డెబియన్ అనే లినక్స్ డిస్ట్రో (లినక్స్ రకం) నడిచే తన మెషీన్‌లో రిమోట్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాంలో ఎవరో దొంగదారి పెట్టారు. జియా టాన్ పేరుతో వచ్చిన ఆ అజ్ఞాత వ్యక్తి రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, ప్రాజెక్టును ఒంటరిగా మోస్తున్న మెయింటెయినర్ నమ్మకం సంపాదించాడు. దొంగదారిని తెరిచే ఫైలు అందరూ చదివే రిపాజిటరీలో లేదు. రిలీజ్ కోసం కట్టిన ఆర్కైవ్‌లోనే ఉంది. డెబియన్, ఫెడోరా, ఓపెన్‌సూసెల సరికొత్త వెర్షన్లలోకి అది చేరిపోయింది. ఆచితూచి కదిలే డెబియన్ స్టేబుల్ దాకా మాత్రం రాలేదు.

మనం చదివే కోడ్‌కీ మన మెషీన్‌లో నడిచే ప్రోగ్రాంకీ మధ్య ఇంకో ఖాళీ ఉంది. దాన్ని పూడ్చడానికి డెబియన్ 2013 నుంచి రిప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ మీద పనిచేస్తోంది. ఒకే సోర్స్ నుంచి ఎవరు ప్యాకేజీ తయారుచేసినా ఒక్క బిట్ తేడా లేకుండా అదే రావాలి. ఎక్స్‌జెడ్‌లో విషం సోర్స్ కట్టలోనే ఉంది కాబట్టి ఈ పద్ధతి దాన్ని పట్టలేదు. కానీ ప్యాకేజీలు తయారయ్యే సర్వర్‌లో ఎవరైనా వేలు పెడితే బయటపెట్టగలదు.

ఇక నిర్ణయాలు ఎవరివి? సెంటాస్ 8 అనే డిస్ట్రోకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయనుకుని ఎన్నో సంస్థలు సర్వర్లు పెట్టుకున్నాయి. 2020 డిసెంబరులో వచ్చిన ప్రకటన ఆ గడువును 2021 చివరికి కుదించేసింది. కోడ్ అంతా బహిరంగమే, వాడేవాళ్లకు మాత్రం ఓటు లేదు. అయితే ఆ కోడ్ చేతిలో ఉండబట్టే దానికి బదులుగా రాకీ, ఆల్మా డిస్ట్రోలు నెలల్లోనే పుట్టుకొచ్చాయి. బహిరంగ కోడ్ మనకు ఇచ్చేది వేరే దారి చూసుకునే హక్కు. మాట చెల్లే హక్కు పాలన వల్లే వస్తుంది.

డెబియన్‌లో నాయకుణ్ని డెవలపర్లు ఏటా ఎన్నుకుంటారు, ఆయన నిర్ణయాన్ని ఓటుతో తిప్పికొట్టగలరు కూడా. వైఫై చిప్పుల్లాంటి వాటికి అవసరమైన, సోర్స్ ఇవ్వని ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లో చేర్చాలా వద్దా అన్న పెద్ద తగువు 2022లో ఓటింగ్‌తోనే తేలింది. చేర్చాలన్న పక్షం నెగ్గింది, దానికోసం డెబియన్ తన సామాజిక ఒప్పందాన్నే సవరించుకుంది. వాదనలూ ఓట్ల ఫలితాలూ ఇప్పటికీ ఎవరైనా చదువుకోవచ్చు.

కంపెనీ అండ ఉన్న ఉబుంటు, ఫెడోరాలను కాదనక్కర్లేదు. భద్రతా లోపాలను సరిదిద్దడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టడం చిన్న విషయం కాదు. కానీ ఏ డిస్ట్రో ఎంచుకున్నా ప్యాకేజీల మీద సంతకం ఎవరిదో, మాట తప్పితే అడిగే దారి ఉందో లేదో ముందే కనుక్కోండి. దాని వెనక పనిచేసే మెయింటెయినర్లకు డబ్బుతోనో శ్రమతోనో తోడు నిలవండి. ఎక్స్‌జెడ్‌లోకి దొంగ చొరబడింది వాళ్ల ఒంటరితనాన్ని చూసుకునే.